యాప్ కొనేముందు పాటల చీటీ రాయండి

(పాటలు, రేడియోలు, స్పీకర్ల మీద పాఠకులు పంపే ప్రశ్నలకు, ఇరవై రెండేళ్ళు తెనాలిలో క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపిన మా శీర్షిక రచయిత జవాబులు)

ప్రశ్న: తెలుగు టీచరుగా రిటైరయ్యాను. పొద్దున్నే సుప్రభాతం, వంట చేస్తూ ఘంటసాల, లీల, సుశీల పాటలు, మధ్యాహ్నం నాటక పద్యాలు వింటుంటాను. యూట్యూబ్‌లో పెడితే ఫోన్ లైటు ఆరగానే పాట కూడా ఆగిపోతోంది. మొన్న సుప్రభాతం సగంలో ఉండగా ఎవరో ‘లోన్ కావాలా?’ అని అరిచారు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి తన ఫ్యామిలీ ప్లాన్‌లో నన్ను చేరుస్తానంటున్నాడు. మావారేమో ఊరికే వచ్చే పాటలకి డబ్బులెందుకంటారు. స్పాటిఫై, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్ అని మూడు పేర్లు విన్నాను. ఏది తీసుకోమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, అనకాపల్లి

జవాబు: అమ్మా, మా షాపుకి వచ్చేవాళ్ళు ఖాళీ క్యాసెట్‌తో పాటు ఒక చీటీ తెచ్చేవారు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద పద్నాలుగు పాటలు వరసగా రాసి ఉండేవి. అరవై నిమిషాల క్యాసెట్‌కి ఒక్కో వైపు ఏడు పాటలు పడతాయి. ఎనిమిదోది పెడితే చరణం మధ్యలో టేపు అయిపోతుంది. (అలా రికార్డు చేసి అమ్మకూడదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కూడా కొన్నాళ్ళు చేశాను, దాచేదేముంది.) చీటీ చూస్తే చాలు, ఆ మనిషికి ఏ రికార్డులు తీయాలో తెలిసిపోయేది.

యాప్ ఎంచుకోవడానికి కూడా ఆ చీటీయే కావాలి. వినకపోతే రోజు గడవదనుకునే పాటలు పది రాయండి. ఏడు అందరికీ తెలిసినవి, మూడు మాత్రం దొరకడం కష్టమైనవి ఉండాలి. ఒక నాటక పద్యం, ఒక హరికథ ముక్క, చిన్నప్పుడు రేడియోలో విన్న ఒక లలితగీతం, అలాంటివన్నమాట. మూడు యాప్‌లూ ఉచితంగా దించుకుని, ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ పదీ వెతికి, దొరికినదానికి టిక్కు పెట్టండి. పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి, మీకు కష్టం కాదు.

దొరికింది కదా అని వెంటనే టిక్కు పెట్టకండి, మొదటి పల్లవి వినండి. ఈమధ్య నేనొక పద్యం వెతికితే ఒకే యాప్‌లో ఆరు కనిపించాయి. రెండు కీబోర్డు మీద వాయించినవి. ఒకదానికి అట్ట మీద ఘంటసాల గారి బొమ్మ ఉంది, గొంతు మాత్రం వేరే ఎవరిదో. ఇంకోదానికి వెనకాల డ్రమ్ములు తగిలించారు. అసలుది ఐదోది. పక్కన కనిపించే సంవత్సరాన్ని కూడా నమ్మొద్దు, చాలాసార్లు అది సినిమా వచ్చిన ఏడాది కాదు, పాటలన్నీ కలిపి సంకలనం వేసిన ఏడాది. ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే ఇంకోటి కొట్టండి. ఇంగ్లీషు అక్షరాల్లో త్యాగరాజు అని రాసేటప్పుడు ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టేవాళ్ళు కొందరు, పెట్టనివాళ్ళు కొందరు.

పాత సినిమా పాటలు చాలావరకు హెచ్.ఎం.వి. కుక్కబొమ్మ రికార్డులవి. ఆ కంపెనీయే ఇప్పటి సరెగమ. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై మన దేశానికి వచ్చింది. సరెగమతో ఒప్పందం కుదరక, వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకెక్కి, ఏప్రిల్‌లో ఆ పాటలు తీసేయాల్సి వచ్చింది. మళ్ళీ 2020లో ఒప్పందం కుదిరాకే ఎక్కాయి. ఆ ఏడాది పైచిలుకు, మీలాంటి శ్రోతకి ఆ యాప్‌లో పెద్దగా ఏమీ లేనట్టే. వింక్ అనే పాటల యాప్ సంగతి ఇంకా ఘోరం, 2024లో ఎయిర్‌టెల్ ఆ యాప్‌నే మూసేసింది. మనం కట్టేది అద్దె. నా దగ్గర క్యాసెట్ చేయించుకున్నవాళ్ళకి టేపు చిక్కుకుంటే పెన్సిలు పెట్టి తిప్పుకోవడమే బాధ, పాట మాత్రం బీరువాలోనే ఉండేది. అందుకే ఏ యాప్ అయినా మొదట ఏడాదికి కట్టకండి, నెలకి కట్టండి.

సినిమా పాటలకైతే మూడింటిలో ఏదైనా సరిపోతుంది. మీ చీటీలో ఆ చివరి మూడే తేల్చేస్తాయి. నాటక పద్యాలు, హరికథలు, పాత రేడియో లలితగీతాలు కంపెనీల లెక్కల్లో ఉన్నవి తక్కువ. ఎవరో మహానుభావులు ఇంట్లో బూజుపట్టిన క్యాసెట్లు కడిగి, తుడిచి యూట్యూబ్‌లో ఎక్కించినవే ఎక్కువ. యూట్యూబ్ మ్యూజిక్‌లో అలాంటివి కూడా చాలా వినొచ్చు, మిగతా రెండింటిలో ఆ సదుపాయం లేదు. కాబట్టి మీకైతే నా ఓటు దానికే. అందులోనూ ఒక్క మ్యూజిక్ ప్లాన్ కాకుండా, యూట్యూబ్ ప్రీమియం తీసుకోండి. మ్యూజిక్ కూడా అందులోనే వస్తుంది, మామూలు యూట్యూబ్‌లోనూ ప్రకటనల గోల ఉండదు, ఫోన్ లైటు ఆరినా పాట సాగుతుంది. సుప్రభాతంలోకి లోన్ వాళ్ళు రారు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఎక్కించిన మనిషి తీసేస్తే ఆ పద్యం పోతుంది. మీ ఇంట్లో పాత సీడీలుంటే, వాటిని ఎవరిచేతనైనా కంప్యూటర్‌లోకి మార్పించి యూట్యూబ్ మ్యూజిక్‌లోని మీ ఖాతాలోకి ఎక్కించుకోండి. లక్ష పాటల దాకా ఒప్పుకుంటుంది.

మీ అబ్బాయి మాట కాదనడం కష్టమే గానీ, ఆ ప్లాన్ పనికిరాదు. ఫ్యామిలీ ప్లాన్ అంటే ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి, మొత్తం ఆరుగురికి. డల్లాస్, అనకాపల్లి ఒకే ఇల్లని యాప్‌ని నమ్మించలేం. ఇవాళ చేర్చినా రేపు అడ్రసు అడిగితే తంటా. ఇక్కడి ధర అక్కడికంటే చాలా తక్కువ, ఆ ఖర్చేదో మీకు పంపమనండి చాలు.

యూపీఐతో కడితే ఆటోపే, అంటే నెలనెలా డబ్బు దానంతటదే పోయే ఏర్పాటు, పెట్టమంటుంది. ‘మొదటి నెల ఉచితం’ అన్నా అప్పుడే పెట్టించుకుంటుంది. డబ్బు పోయే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, ఆ మెసేజ్ చదవకుండా తుడిచేయకండి. వద్దనుకుంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అన్నచోటికి వెళ్ళి రద్దు చేయొచ్చు. ఫోన్లోంచి మ్యూజిక్ యాప్ తీసేసినంత మాత్రాన డబ్బు పోవడం ఆగదు, చాలామంది అక్కడే మోసపోతున్నారు.

మీ సారు గారి మాటా తీసిపారేయాల్సింది కాదు. ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో తెలుగు ఆకాశవాణి కేంద్రాలు ఉచితంగా వస్తాయి. ఆయన ఫోన్లో అది పెట్టండి.

ప్రశ్న: అన్నా, బీటెక్ సెకండియర్. పదిహేను వందల ఇయర్‌బడ్స్ కొన్నా. యాపిల్ మ్యూజిక్‌లో లాస్‌లెస్ ఉందని ఫ్రెండ్స్ అంటున్నారు. మారిపోనా?
– కూకట్‌పల్లి నుంచి

జవాబు: ఆ మాట నిజమే తమ్ముడూ, లాస్‌లెస్ అంటే పాటలో ఏమీ తగ్గించకుండా ఇచ్చేది, 2021 నుంచి అదనపు డబ్బు లేకుండా ఇస్తున్నారు. కానీ నీ చెవిదాకా అది రాదు. సీడీ పాటకి సెకనుకి 1,411 కిలోబిట్లు కావాలి. బ్లూటూత్ గొట్టం అంత వెడల్పు లేదు, మధ్యలో పాటని నొక్కి కుదించి పంపుతుంది. వైరున్న మంచి హెడ్‌ఫోన్ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పుడు వింటున్న యాప్‌లోనే సెట్టింగ్స్ తెరిచి క్వాలిటీ ఎంతుందో చూడు. సగం మంది అది డేటా ఆదా చేసే రకంలో పెట్టుకుని యాప్‌ని తిడుతుంటారు. 96 కిలోబిట్ల దగ్గర గంటకి 43 ఎంబీ అవుతుంది, 320 దగ్గర 144. హాస్టల్ వైఫైలో పెంచుకో, బస్సులో తగ్గించుకో. స్టూడెంట్ ప్లాన్ ఉందేమో కూడా చూడు, కాలేజీలో ఉన్నావు కదా.

ప్రశ్న: నేను హైదరాబాద్–విజయవాడ కారు డ్రైవర్ని. దారిలో సిగ్నల్ పోయినప్పుడల్లా పాట ఆగుతోంది, వెనక కూర్చున్నవాళ్ళు విసుక్కుంటున్నారు. ఏ యాప్ మంచిది?
– సూర్యాపేట నుంచి

జవాబు: యాప్ మార్చినా సిగ్నల్ మారదు సోదరా. డబ్బు కట్టే ప్లాన్లలో డౌన్‌లోడ్ సదుపాయం ఉన్నది చూసి తీసుకుని, పాటలు ముందే దించి పెట్టుకో. నాలుగు నిమిషాల పాట 160 కిలోబిట్ల దగ్గర ఐదు ఎంబీ లోపే, రెండొందల పాటలు దాదాపు ఒక జీబీ. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ‘ఆఫ్‌లైన్’ నొక్కేసి బండి తియ్యి. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ రెండూ 30 రోజులకోసారైనా నెట్‌కి తగలకపోతే డౌన్‌లోడ్ చేసినవి ఆపేస్తాయి. జీతం పడ్డ రోజు ఇంట్లో ఒకసారి నెట్ పెట్టి యాప్ తెరువు.