కీనై నదిలో సాల్మన్, ట్రౌట్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అలాస్కాలోని కీనై నది మీద గైడ్‌తో చేపల వేటకు వెళ్లాలనుకునే పాఠకుల ఉత్తరాలు చాలా వచ్చాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

జులై మొదటి వారంలో మాకు సెలవులు. సాల్మన్ పట్టడానికి అది మంచి సమయమేనా? (సియాటెల్ నుంచి ఒక పాఠకుడు)

ఎర్ర సాల్మన్ (సాకై) కోసమైతే మరో రెండు వారాలు ఆలస్యంగా వెళ్లండి. కీనైలోకి సాకై రెండు విడతలుగా వస్తుంది. మొదటి విడత జూన్‌లో వచ్చి, ఎక్కువగా రష్యన్ రివర్ అనే ఉపనదిలోకి వెళ్తుంది. పెద్ద విడత జులై రెండో సగంలో. మీరనుకున్న వారం సరిగ్గా ఆ రెంటి మధ్య సందులో పడుతోంది. చేప అసలే ఉండదని కాదు, రోజంతా నిలబడితే ఒకటో రెండో దొరకవచ్చు. టికెట్లు మార్చుకునే వీలుంటే మాత్రం మార్చుకోండి.

సిల్వర్ సాల్మన్ (కోహో) ఆగస్టులో మొదలై సెప్టెంబర్ దాటేవరకూ ఉంటుంది. పింక్ సాల్మన్ ఈ నదిలోకి సరిసంఖ్య సంవత్సరాల్లోనే, ఆగస్టులో, గుంపులు గుంపులుగా వస్తుంది. ఇక కింగ్ సాల్మన్ మాట. గాలానికి పడిన కింగ్‌లలో ప్రపంచ రికార్డు ఈ నదిదే: 1985 మే 17న దొరికిన 97 పౌండ్ల 4 ఔన్సుల చేప, అంటే 44 కిలోల పైమాట. ఆ పేరు విని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ కింగ్‌ల సంఖ్య బాగా పడిపోవడంతో ఇటీవలి సంవత్సరాల్లో ఈ నదిలో ఆ వేటను మూసేశారు. ఎవరైనా గైడ్ కీనైలో కింగ్ పట్టిస్తానని మాటిస్తే, డబ్బు కట్టేముందు రాష్ట్ర చేపల శాఖ ప్రకటనలు చూడండి.

ఆ శాఖే ఒక మంచి పని చేస్తోంది. సోల్డాట్నా ఊరికి కాస్త దిగువన, సముద్రం నుంచి 19వ మైలు దగ్గర సోనార్ (శబ్ద తరంగాలతో నీటిలోని చేపలను పసిగట్టే పరికరం) పెట్టి, ఎన్ని సాకైలు దాటాయో సీజన్‌లో రోజువారీగా ఆన్‌లైన్‌లో పెడుతుంది. ఆ అంకె ఒక్కసారిగా ఎగిసిందంటే తర్వాతి రోజుల్లో పైభాగం కళకళలాడుతుంది. సాకైకి మామూలు పరిమితి మనిషికి రోజుకు 3. విడత బలంగా ఉంటే దాన్ని పెంచుతారు, బలహీనంగా ఉంటే వేటే ఆపేస్తారు. ఈ ఆదేశాలు సీజన్ మధ్యలోనే వస్తాయి కాబట్టి బయల్దేరే రోజు పొద్దున కూడా ఒకసారి చూసుకోండి.

మా గోదావరి పులస లాగే సాల్మన్ కూడా ఎదురీదుతుందా? (రాజమండ్రి నుంచి, కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తున్న ఒక తండ్రి)

ఎదురీదుతుందండీ. రెండూ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చేవే. తేడా ఏమిటంటే పులస గుడ్లు పెట్టాక తిరిగి సముద్రానికి వెళ్లగలదు. పసిఫిక్ సాల్మన్‌కు తిరుగు ప్రయాణం లేదు, గుడ్లు పెట్టాక చనిపోతుంది. ఆ కళేబరాలే నదికి ఎరువు. కింద ట్రౌట్ గురించి చెప్పేదంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

పక్కవాళ్లకు వరసగా సాకై తగులుతోంది, నాకు ఒక్కటీ లేదు. ఎర మార్చాలా?

ఎర మార్చి లాభం లేదు. నదిలోకి వచ్చిన సాకై మేత దాదాపు మానేస్తుంది. నోరు తెరుస్తూ మూస్తూ ఈదుతుంటే దారం ఆ నోట్లోంచి జారి, గాలం బయటినుంచి పెదవి మూలకు పట్టుకుంటుంది. కాబట్టి చూసుకోవాల్సింది మీరు నిలబడ్డ చోటు, కట్టిన బరువు, దారం సాగే దారి.

అందరూ చేసే తప్పు నడుంలోతుకు దిగడం. ప్రవాహం తప్పించుకోవడానికి సాకై ఒడ్డునే పట్టుకుని, మోకాలిలోతు నీళ్లలో వెళ్తుంది. మీరు లోపలికి దిగితే చేప మీ వెనకనుంచి పోతుంది! చీలమండలు మునిగేంతలో ఆగండి. గాలానికీ సీసం గుండ్లకూ మధ్య మూడు నాలుగు అడుగుల దారం ఉంచండి. దూరంగా విసరక్కర్లేదు. మీ ఎదుటి ఒడ్డు పన్నెండు గంటలనుకుంటే, ఎగువవైపు పది దగ్గర వేసి రెండు దాకా సాగనివ్వండి. సీసం అడుగు రాళ్లను టక్, టక్ మని తాకుతూ పోవాలి. ఆ తాకిడి చేతికి తెలియకపోతే బరువు చాలలేదు. అడుగునే ఆగిపోతుంటే ఎక్కువైంది. ఒక్కో గుండు చొప్పున మార్చి చూడండి. టక్ టక్ ఆగి, దారం మెత్తగా బరువెక్కినట్టు అనిపించగానే రాడ్‌ను నీటికి దగ్గరగా, దిగువకు, ఒడ్డువైపు లాగాలి.

తోకకో వీపుకో గుచ్చుకున్న చేప మీది కాదు. నోటికి పడినదాన్నే ఉంచుకోవాలి, ఇది చట్టం. రష్యన్ రివర్ కలిసేచోట ఫ్లై (ఈకలు, దారాలు చుట్టి చేసిన కృత్రిమ ఎర) మాత్రమే వాడాలి: ఒకే గాలం, మొనకూ కాడకూ మధ్య సందు అంగుళంలో మూడు ఎనిమిదో వంతుకు మించకూడదు, బరువు దానికి కనీసం 18 అంగుళాల పైన ఉండాలి.

రాయికి ఇరుక్కున్న గాలాన్ని రాడ్ పైకెత్తి గుంజకండి. ఊడిన సీసం తుపాకీ గుండులా మొహం మీదికే వస్తుంది. రాడ్‌ను దారం వైపే తిన్నగా చూపించి, మొహం పక్కకు తిప్పి లాగండి. కళ్లద్దాలు లేకుండా నీళ్లలోకి దిగవద్దు.

ట్రౌట్‌కు ఏ నెల మంచిది? గైడ్ పూసలు తెస్తానన్నాడు, అవెందుకు?

మా ఓటు ఆగస్టు చివరినుంచి అక్టోబర్ మొదటి వారాల వరకు. నది పైభాగంలో, అంటే కూపర్ ల్యాండింగ్ నుంచి స్కిలాక్ సరస్సు దాకా, రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు పెట్టుకునేందుకు మే 2 నుంచి జూన్ 10 వరకు వేట మూసి ఉంచుతారు. జూన్ 11న తెరిచాక కొన్ని వారాలపాటు చిన్న చేపల్లా, జలగల్లా కనిపించే ఫ్లైలు పనిచేస్తాయి. సాల్మన్ గుడ్లు పెట్టడం మొదలైందంటే ట్రౌట్, డాలీ వార్డెన్ చేపలు వాటి వెనకే చేరి, కొట్టుకుపోయే గుడ్లను మింగుతూ బలుస్తాయి. పూస ఆ గుడ్డుకు నకలు.

8 మిల్లీమీటర్ల పూస ఎక్కువగా వాడతారు, 6, 10 కూడా దగ్గర ఉంచుకోవాలి. రంగే అసలు కీలకం. తాజా గుడ్డు నారింజ రంగులో, వెలుగు దూరేలా ఉంటుంది. నీళ్లలో కొన్నాళ్లు నానినది పాలిపోయి, పలచని పాలలా మారుతుంది. అందుకే సీజన్ ముదిరేకొద్దీ లేత రంగులు వాడాలి. గోళ్ల రంగుతో పూసలకు పూత వేసుకునే గైడ్లు ఉన్నారు. పూసను దారం మీద టూత్‌పిక్ ముక్కతో బిగిస్తారు, గాలానికి రెండంగుళాల లోపలే. అంతకంటే దూరమైతే గాలం పెదవికి కాక కంటికో మొప్పకో తగిలి చేప చచ్చిపోతుంది. అలాస్కా నిబంధన కూడా ఇదే.

బెండు (దారానికి కట్టే, నీటిమీద తేలే గుర్తు) నుంచి పూసకు ఉండే దారం నీటి లోతుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. బెండు పక్కనున్న నురుగుకన్నా కాస్త నెమ్మదిగా పోతుంటే సరిగ్గా ఉన్నట్టు, ఎందుకంటే అడుగున ప్రవాహం నెమ్మది. నురుగును దాటి పరిగెడుతుంటే పైదారం లాగేస్తోందన్నమాట. దారాన్ని ఎత్తి ఎగువవైపు వెయ్యండి. బెండు మునిగితే రాడ్‌ను పైకి కాదు, దిగువకు పక్కగా లాగాలి. ట్రౌట్ ఎగువకు ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి పైకి లాగితే పూస నోట్లోంచి బయటికొచ్చేస్తుంది.

అక్టోబర్‌కు గుడ్లు తగ్గి, కుళ్లిన సాల్మన్ మాంసం ముక్కలు కొట్టుకొస్తుంటాయి. అప్పుడు పాలిపోయిన గులాబీ, తెలుపు రంగుల బొచ్చు ఫ్లైలు.

ట్రౌట్‌ను మాత్రం వదిలేయమని మా మనవి. తినడానికి సాల్మన్ ఉంది. గాలం మొనకు వెనకవైపు ఉండే చిన్న ముల్లును ముందే పటకారుతో నొక్కేయండి, చేతులు తడుపుకుని పట్టుకోండి, పొడి చెయ్యి తగిలితే చేప ఒంటిమీద జిగురు పోతుంది. ఫోటోకు కెమెరా సిద్ధమయ్యేదాకా చేపను వలలో, నీళ్లలోనే ఉంచండి. మీరు ఊపిరి బిగబట్టగలిగినంతసేపే దాన్ని పైకి ఎత్తాలి.

మా అత్తగారికి అరవై దాటాయి, ఈత రాదు. తీసుకెళ్లవచ్చా? (టెక్సస్ నుంచి)

తెడ్ల పడవ మీద నిశ్చింతగా తీసుకెళ్లండి. పైభాగంలో మోటారు నడపడం నిషేధం, తెడ్లతోనే సాగాలి, కూర్చునే గాలం వేయవచ్చు. లైఫ్ జాకెట్ మొదటి నిమిషంనుంచి ఒంటిమీదే ఉండాలి. ఇది మంచు కరిగిన నీరు, జులైలోనూ వణికిస్తుంది. లోపల నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, ఉన్నివి వేయండి. నీళ్లలో నిలబడేవాళ్లు రబ్బరు వేడర్ల (నీళ్లలో నడవడానికి బూట్లతో కలిపి వేసుకునే తొడుగు) నడుం పట్టీ తప్పక బిగించుకోవాలి, లేకపోతే పడినప్పుడు వేడర్లలోకి నీళ్లు నిండుతాయి. పదహారేళ్లు నిండిన ప్రతి సందర్శకుడికీ లైసెన్సు కావాలి, ఒక్క రోజుకైనా దొరుకుతుంది. రష్యన్ రివర్ దగ్గర గోధుమ ఎలుగులు తిరుగుతాయి. పట్టిన చేప, తిండి సంచి చేతికందే దూరంలోనే ఉండాలి. ఎలుగు వస్తున్నప్పుడు చేప గాలానికి ఉంటే దారం కోసేయండి.

ఇంటికి తెచ్చుకున్న సాకైతో పులుసు పెడితే పీచుపీచుగా అయింది. ఎందుకు?

ఎక్కువసేపు ఉడికించి ఉంటారు. సాకైలో కింగ్‌లో ఉన్నంత కొవ్వు లేదు. చింతపండు పులుసును నూనె తేలేదాకా విడిగా మరిగించండి. తోలు తీయని, రెండు వేళ్ల మందం ముక్కలను ఆఖరున వేసి, గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకుని తిప్పుతూ ఐదారు నిమిషాల్లో దించేయండి. మిగిలిన వేడికి ముక్క లోపలిదాకా ఉడుకుతుంది.

సగం రుచి ఒడ్డునే పోతుంది కూడా. చేపను పట్టగానే తలమీద ఒక్క దెబ్బ వేసి, మొప్పలు కోసి, పది నిమిషాలు నీళ్లలో రక్తం కారనిచ్చి, ఐసులో పెట్టమని గైడ్‌కు పొద్దునే చెప్పండి. పచ్చిగా తినాలనుకుంటే పురుగుల భయం పోవడానికి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడు రోజులు గడ్డకట్టించాకే.