కొడగులో వేడుక, బెంగళూరులో సంతకం

ప్రశ్న: మాది నెల్లూరు, అతనిది గుంటూరు. ఇద్దరం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ ఉద్యోగాలు చేస్తున్నాం. నేను హిందువును, అతను క్రైస్తవుడు. పెద్దలు ఒప్పుకున్నారు. ఫిబ్రవరిలో కొడగులోని కాఫీ తోటలో రెండు పద్ధతుల్లోనూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం. అది చట్టప్రకారం చెల్లుతుందా? ఆఫీసులో సంతకాల పెళ్ళి అంటే మా అమ్మకు చిన్నతనంగా ఉంది.
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: 1955 నాటి హిందూ వివాహ చట్టం వధూవరులిద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. ఒకరు క్రైస్తవులైనా 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద, అధికారం ఉన్న పాస్టరు పెళ్ళి జరిపించవచ్చు. అయితే ఎవరి మతంలో వారుంటూ రెండు సంప్రదాయాలకూ సమాన గౌరవం ఇవ్వదలచిన మీకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే తిన్నని దారి అని నా అభిప్రాయం.

ఈ చట్టం కింద, మీలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. తోట ఎక్కడుందన్నది కాదు, మీరెక్కడ ఉంటున్నారన్నదే లెక్క. కార్యాలయానికి సహేతుకమైన దూరంలో మీరు కోరిన చోట పెళ్ళి జరిపించే వీలు చట్టంలో ఉన్నా, సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, మరో జిల్లాలో ఉన్న మడికేరికి (కొడగు జిల్లా కేంద్రం) ఆ వీలు వర్తించదు. కాబట్టి ముందు బెంగళూరులో చట్టబద్ధంగా వివాహం చేసుకుని, ఆ తరువాత కొడగులో వేడుక జరుపుకోండి.

నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించేచోట అంటిస్తారు. మీ శాశ్వత నివాసాలు నెల్లూరు, గుంటూరు అయితే ప్రతులు అక్కడికీ వెళతాయి. బంధువులకు ఆ సంగతి మరొకరి నోట తెలియకముందే మీరే చెప్పడం మంచిది. అభ్యంతరాలకు 30 రోజుల గడువు ఉంటుంది. వయసు, జీవించి ఉన్న భార్య లేదా భర్త, మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం వంటి షరతులకు సంబంధించిన అభ్యంతరాలే చెల్లుతాయి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా పెళ్ళి జరగకపోతే అది రద్దవుతుంది గనుక మరీ ముందుగా ఇవ్వకండి. డిసెంబరు మొదటి వారంలో ఇస్తే జనవరి రెండో వారం నుంచి మార్చి ఆరంభం వరకు మీకు వ్యవధి దొరుకుతుంది.

మన వాళ్ళ కాగితాల్లో ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండడం మామూలే. ఆ తేడాలను నోటీసుకు ముందే సరిచేయించుకోండి. మీది హిందూ ఉమ్మడి కుటుంబమైతే, ఈ చట్టం కింద జరిగే పెళ్ళితో మీరు దాని నుంచి విడిపోయినట్టు పరిగణిస్తారు; వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఈ ఒక్క విషయంలో న్యాయవాదిని తప్పక సంప్రదించండి.

అమ్మగారి బాధ అర్థమవుతోంది. అయితే అధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల సమక్షంలో, ఒకరినొకరు చట్టబద్ధమైన జీవిత భాగస్వామిగా స్వీకరిస్తున్నామని మీ ఇద్దరికీ తెలిసిన భాషలోనే, అంటే తెలుగులోనే, పలకవచ్చు. ఆ ముగ్గురిలో అమ్మగారు ఒకరైతే అది వట్టి సంతకాల తతంగంగా ఆమెకు తోచదు.

ఫిబ్రవరిలో కొడగులో వానల బెడద అంతగా ఉండదు గాని, రోబస్టా రకం కాఫీ కోతలు సాగుతుంటాయి. పందిరి వేయదలచిన కళ్ళంలో అప్పుడు కాఫీ పండ్లు ఆరబోసి ఉండవచ్చు. బయానా ఇచ్చే ముందే యజమానిని ఆ మాట అడగండి. ఆరుబయట రాత్రి 10 తరువాత మైకులు మోగించకూడదు కనుక ముహూర్తం పగటిపూటకే పెట్టించుకోండి.