ఆ నీళ్లకు ఎవరూ తడవరు

బొమ్మల కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. డిగ్రీ చదువుతున్నా. డీమన్ స్లేయర్ అనే అనిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) అంటే నాకు ప్రాణం. మా బావ బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. పండక్కి వచ్చి, ‘దాంట్లో రంగులు, కత్తులు, మెరుపులు తీసేస్తే ఏం మిగుల్తుందిరా? రాక్షసుడు వస్తాడు, చచ్చేముందు ఏడుస్తాడు, చస్తాడు. అంతే కదా’ అని ఇంటిల్లిపాది ముందు తీసిపారేశాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. నిజంగా అది పైపై హంగేనా? ఇట్లాంటివాటిలో హంగెంత, సరుకెంత అని తూకం వేసేది ఎట్లా?
(డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు)

జవాబు: తమ్ముడూ, మీ బావ అన్నదాంట్లో సగం నిజముంది. ఆ సగం ఏదో ఆయనకు తెలియదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

‘రంగులు తీసేస్తే ఏం మిగుల్తుంది’ అన్న పరీక్షే నాకు నచ్చదు. మీ కడప జిల్లాలోనే, సురభి అనే ఊళ్లో, 1885లో వనారస గోవిందరావు గారి బృందం కీచక వధ ఆడింది. సురభి నాటకాలకు అదే పుట్టుక. రెండు వైపుల నుంచి బాణాలు దూసుకొచ్చి నడిమధ్యలో ఢీకొని నిప్పులు రాల్చే ఘట్టానికి ఇప్పటికీ జనం ఈలలేస్తారు. మాయాబజారు కథ తెలుసుకుందామని టికెట్ కొనేవాడు ఎవడుంటాడు చెప్పు? అందరికీ తెలిసిన కథే. అట్లాగని ఘటోత్కచుడి మాయ తీసేసి చూద్దామంటే శశిరేఖ పెళ్లి లక్ష్మణకుమారుడితో నిక్షేపంగా జరిగిపోతుంది. మాయే అక్కడ కథను నడిపేది. కాబట్టి హంగు ఎంతుందని కొలవడం దండగ, అది ఏ పని చేస్తోందో చూడాలి.

చూడని పాఠకుల కోసం రెండు ముక్కలు. జపాన్‌లో తైషో కాలం, అంటే 1912–26 మధ్య. బొగ్గులమ్ముకునే కుర్రాడు తంజిరో ఊళ్లోకి పోయి తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్లందరినీ రాక్షసుడు చంపేసి ఉంటాడు. చెల్లెలు నెజుకో ఒక్కతే బతికింది, అదీ రాక్షసిగా మారి. ఆ పిల్లను మళ్లీ మనిషిని చేయాలని వీడు కత్తి పడతాడు. కోయోహారు గొటోగే ఈ కథను 2016 నుంచి 2020 దాకా ఒక వారపత్రికలో బొమ్మల కథగా గీశారు, 23 సంపుటాలైంది. యూఫోటేబుల్ స్టూడియో 2019 ఏప్రిల్‌లో దాన్ని అనిమేగా మొదలుపెట్టింది. అసలు పుస్తకంలో గీత కొంచెం మొరటుగానే ఉంటుంది. అనిమే వచ్చాకే పుస్తకాల అమ్మకాలు ఒక్కసారిగా ఎగిశాయి. ఈ ముక్క మీ బావకు తెలిస్తే ‘చూశావా’ అంటాడు. అననీ.

ఇప్పుడు 19వ ఎపిసోడ్ తీయి. నాతగుమో కొండ మీద రూయి అనే సాలీడు రాక్షసుడితో పోరాటం. తంజిరో కత్తి అప్పటికే విరిగి ఉంది. మొండి కత్తితోనే గిర్రున తిరుగుతూ ముందుకు దూకుతాడు, చుట్టూ నీలి నీళ్లు నాగుపాములా లేస్తాయి. పాతకాలపు జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో అలలు గీసే తీరు అది, అంచున తెల్లటి నురగ కొక్కేలతో సహా. ఒక్కటి గమనించావా? ఆ నీళ్లకు ఎవరూ తడవరు. వాడి అంగీ తడవదు, నేల తడవదు. అవి వాడు నేర్చుకున్న ఊపిరి పద్ధతికి రూపం, అంతే. గురువు దగ్గర పడ్డ కష్టమంతా కంటికి కనబడేది అక్కడ.

రూయి దారాలు ఎర్రబారి గట్టిపడతాయి. ఇక నీళ్లు తెగవని, చావు వచ్చేసిందని తెలిసిన క్షణంలో వీడికి నాన్న గుర్తొస్తాడు. రోగిష్టి మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాడు, కొత్త సంవత్సరం నాడు మంచులో రాత్రంతా అగ్నిదేవుడి నాట్యం ఆడేవాడు. ఆ నాట్యం గుర్తు రాగానే నీలి నీళ్లు పక్కకు ఒరిగి నిప్పవుతాయి. అక్కడ ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు, రంగు మారిందంతే. గురువు నేర్పిన విద్య వదిలి నాన్న ఇచ్చిన ఆస్తి అందుకున్నాడని చూసేవాడికి తెలిసిపోతుంది. పైన దారాలకు వేలాడుతున్న చెల్లెలు కూడా అప్పుడే లేచి తన నెత్తుటితో ఆ దారాలను అంటిస్తుంది. గో షీనా కట్టిన పాట కింద నుంచి మెల్లగా లేస్తుంది. దీన్ని హంగంటే నేనొప్పుకోను. తండ్రీ బిడ్డల కథ మొత్తం ఆ రంగు మార్పులోనే ఉంది.

నేను కర్నూలు వన్‌టౌన్‌లో బోర్డులు, కటౌట్లు రాసి బతికినవాణ్ణి, నా కన్ను ముందు గీత మీదికి పోతుంది. డీమన్ స్లేయర్‌లో మనుషుల చుట్టూ గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా, కుంచె ఒత్తిడి తెలిసేటట్టు ఉంటుంది. తంజిరో వేసుకునే పై అంగీ ఆకుపచ్చ, నలుపు గళ్లది. మనిషి గిరగిరా తిరుగుతుంటే ఆ గళ్లన్నీ మడతల్లో పడి, సాగి, వంగి కనబడాలి. గళ్ల చొక్కా హీరో బొమ్మ ఒక్కటి వేయాలంటేనే మాకు ప్రాణం మీదికొచ్చేది, అదీ కదలని బొమ్మ. అనిమేలో సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేములు నిలబెట్టినా సెకనుకు ఎనిమిదో పన్నెండో కొత్త బొమ్మలు కావాలి. ఇంత కష్టానికి వాళ్లకు దక్కేదేమిటన్నది వేరే కథ. జుజుట్సు కైసెన్ అనే ఇంకో అనిమే రెండో సీజన్ 2023లో వస్తుండగానే, దాన్ని తీసిన మప్పా స్టూడియో యానిమేటర్లు కొందరు గడువుల ఒత్తిడి గురించి బాహాటంగా వాపోయారు. మనం ‘ఏం విజువల్స్ రా’ అనుకునేటప్పుడు అదీ కాస్త గుర్తుంటే మంచిది.

ఇక మీ బావ చెప్పిన సగం నిజానికి వద్దాం. డీమన్ స్లేయర్‌లో తక్కువ కాటా ఉంది, కాకపోతే బొమ్మ వైపు కాదు, మాటల వైపు. తంజిరో పోరాడుతూనే మనసులో వ్యాఖ్యానం చదువుతుంటాడు: వాడు ఎడమ వైపు వస్తున్నాడు, నా ఊపిరి చాలడం లేదు, పక్కటెముక విరిగింది, అయినా తట్టుకోవాలి. కనబడుతోంది కదబ్బా, మళ్లీ చెప్పడమెందుకు? అంత గొప్పగా గీసినవాళ్లకు తమ గీత మీదే నమ్మకం లేనట్టుంటుంది. రాక్షసుల రాజు ముజాన్ కూడా అంతే. మొదటిసారి పట్నం వీధిలో, భార్యాపిల్లలతో పెద్దమనిషిలా కనబడ్డప్పుడు వెన్ను జలదరిస్తుంది. తర్వాత వాడు కోపం తప్ప ఇంకేమీ లేని మనిషైపోయాడు. 2024లో వచ్చిన హషీరా (రాక్షసులను వేటాడే దళంలో మేటి కత్తివీరులు) శిక్షణ భాగమైతే మూలంలో ఉన్న కొద్దిపాటి కథను లాగి లాగి సాగదీసిందే. దాన్ని వెనకేసుకు రాను.

‘చచ్చేముందు ఏడుస్తాడు’ అన్నాడే, దాని దగ్గర మాత్రం మీ బావతో నాకు గట్టి పేచీ. రూయి చచ్చాక ఏం మిగిలిందో గుర్తుందా? ఒట్టి బట్టలు. తంజిరో పక్షపు కత్తివీరుడు గియూ వచ్చి వాటిని తొక్కుతాడు. తంజిరో, ఒళ్లంతా గాయాలతో, కాలు తీయమంటాడు. ఈ రాక్షసుడూ ఒకప్పుడు మనిషేనంటాడు. అందులో నీళ్లూ లేవు, నిప్పూ లేదు, పాటా లేదు. నేలమీద ఒక అంగీ, దానిమీద ఒక పాదం. రాక్షసిగా మారిన చెల్లెల్ని పెట్టెలో మోసుకు తిరిగేవాడు ఆ మాటన్నాడు కాబట్టి దానికి బరువు. సరుకు లేదనేవాళ్లు ఇట్లాంటి చోట ఫోన్ చూసుకుంటుంటారని నా అనుమానం. 2025లో ఇన్ఫినిటీ క్యాజిల్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో వస్తే పోయి చూశా. అకాజా అనే రాక్షసుడి గతం మొదలవగానే నా ముందు వరుస కుర్రాళ్లు ఫోన్లు వెలిగించారు. ఆ గతం పోరాటం నడకను దెబ్బతీసింది, నిజమే. కానీ రెండున్నర గంటలు దాటిన సినిమాలో నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ భాగమే. కోట గోడలు తలకిందులయ్యే దృశ్యాలు అప్పుడే మసకబారాయి.

మీ బావను నిజంగా ఆలోచనలో పెట్టాలంటే మాబ్ సైకో 100 అనే అనిమే చూపించు. దాని మూలకథను వన్ అనే కలంపేరుతో రాసే ఆయన బొమ్మలు చూస్తే బడిపిల్లాడు నోటుపుస్తకం వెనక గీసినట్టుంటాయి. 2016లో బోన్స్ స్టూడియో, దర్శకుడు యుజురు తాచికావా ఆ వంకర గీతను సరిదిద్దలేదు, దాన్నే ఆడించారు. అతీంద్రియ శక్తులున్న పిల్లాడు మాబ్ తన కోపతాపాలన్నీ అణుచుకుని బతుకుతుంటాడు. తెర మీద శాతం పెరుగుతూ పోయి నూరుకు చేరితే అప్పుడు బొమ్మ కట్లు తెంచుకుంటుంది. హంగు ఎప్పుడు రావాలో పిల్లాడి మనసే చెబుతుందన్నమాట. 2019లో వచ్చిన రెండో సీజన్‌లో వాడి దొంగ గురువు రెయ్‌గెన్ విలేకరుల కెమెరాల ముందు ఇరుక్కునే ఎపిసోడ్ ఉంది. పిడికిలి ఎత్తేవాడే ఉండడు, అయినా ఏ యుద్ధానికీ తగ్గని టెన్షన్.

తూకం అడిగావు కాబట్టి నేను చేసే పని చెబుతా. పోరాటాన్ని ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడు. ఎవరికి ఏం కావాలో, ఎవరు భయపడుతున్నారో, ఎక్కడ మనసు మారిందో తెలిసిపోతే ఆ హంగు పని చేస్తున్నట్టు. 19వ ఎపిసోడ్ అట్లా నిలబడుతుంది. హషీరా శిక్షణలో చాలా భాగం నిలబడదు. బావ పక్కన కూర్చుని ఈ రెండూ చూడండి. రెండోదానిలో ఆయన గెలుస్తాడు, నువ్వు బాధపడకు.

ప్రశ్న: నమస్తే అండీ. మా అబ్బాయి ఏడో తరగతి. డీమన్ స్లేయర్ సినిమా చూస్తానంటూ ప్రాణం తీస్తున్నాడు. బొమ్మలే కదా అనుకున్నాను, తీరా చూస్తే తలలు తెగిపడుతున్నాయి. చూడనివ్వవచ్చా?
(గృహిణి, అనంతపురం)

జవాబు: అమ్మా, ‘బొమ్మలే కదా’ అన్నది మనలో చాలామందికి ఉన్న భ్రమ. మొదటి ఎపిసోడ్‌లోనే మంచులో నెత్తురు, కుటుంబం మొత్తం శవాలు. 2020లో వచ్చి, జపాన్‌లో అంతకుముందు ఏ సినిమాకూ రానంత వసూళ్లు సాధించిన ముగెన్ ట్రైన్‌కు అక్కడ పీజీ 12 ఇచ్చారు. అంటే పన్నెండేళ్లలోపు పిల్లలు పెద్దల సలహాతో చూడాలని. మీవాడు సరిగ్గా ఆ గడప మీదున్నాడు. ఒంటరిగా ఫోన్‌లో వద్దు, మీరూ పక్కన కూర్చోండి. నెత్తురు కన్నా మంచి మనిషి చనిపోవడమే వాణ్ణి ఎక్కువ కదిలిస్తుంది. ఆ ఏడుపుకు అడ్డుపడకండి. ఇంకో మాట, సినిమా నుంచి మొదలుపెడితే ఎవరెవరో అర్థం కాదు, ముందు మొదటి సీజన్ చూడనివ్వండి.

ప్రశ్న: అన్నా, బ్లీచ్ అనే అనిమే మొదలుపెడదామంటే 366 ఎపిసోడ్లని తెలిసి కళ్లు తిరిగాయి. స్టైల్ తప్ప ఏమీ లేదంటారు, అంత టైము పెట్టొచ్చా?
(మెకానిక్, ఆదోని)

జవాబు: అన్నీ చూడనక్కర్లేదబ్బా. 2004 నుంచి 2012 దాకా ఆడింది అది. పత్రికలో కథ ముందుకు పోయేదాకా ఆగలేక నడుమ సొంత కథలు చొప్పించారు. మొదటి 63 చూడు, హీరో ఇచిగో తన స్నేహితురాలు రుకియాను విడిపించే కథ అక్కడికి ముగుస్తుంది. ఆ వెంటనే వచ్చే బౌంట్ కథ అట్లా చొప్పించిందే, దాటేయొచ్చు. మూల పుస్తకం గీసిన టైట్ కూబో గీతలో నాకు నచ్చేది ఖాళీ. వెనక ఏమీ గీయడు, తెల్ల కాగితం మీద ఒక నల్లంగీ, ఒక చూపు, అంతే. కొందరు దాన్ని బద్ధకమంటారు, నేను ధైర్యమంటాను. కాకపోతే ఆ తెలుపు పుస్తకంలో పండినంతగా పాత అనిమేలో పండలేదు. 2022లో మొదలైన చివరి యుద్ధం భాగంలో మాత్రం నీడలు, రంగులు బాగా కుదిరాయి. 63 అయ్యాక కూడా ఇచిగో మీద మనసుంటే అప్పుడు ముందుకు పో, లేకపోతే షెడ్డు పని చూసుకో.