బీథోవెన్ వాగ్గేయకారుడేనా?

సందేహం: ఈమధ్య ఒక పాశ్చాత్య సంగీత సభకు వెళ్లివచ్చి మిత్రులకు ఇలా రాశాను: "వాగ్గేయకారుడైన బీథోవెన్ తొమ్మిదో సింఫనీని లైవ్ కచేరిలో విన్నాను. వందమంది వాయిద్యకారులు అద్భుతమైన కచేరి ఇచ్చారు. శృతి ఎక్కడా తప్పలేదు." ఇందులో ఒక్క వాక్యం కూడా సరిగా లేదని సంగీతం తెలిసిన మిత్రుడొకరు అన్నారు. మరీ అంత ఘోరంగా ఉందా?

సమాధానం: అంత ఘోరమేమీ లేదు. మీ మిత్రుడు కాస్త కటువుగా మార్కులు వేశారు. తప్పు అని గట్టిగా అనవలసింది రెండు చోట్లే. మిగిలినవి వాదించుకోదగ్గవి.

ముందు వాగ్గేయకారుడి సంగతి చూద్దాం. "పాటలు కట్టే పెద్దవాడు" అనే గౌరవ పదంగా దీన్ని చాలామంది వాడుతున్నారు. కానీ ఈ మాటకు ఎనిమిది వందల ఏళ్లుగా కచ్చితమైన నిర్వచనం ఉంది. పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమనే సంగీతశాస్త్ర గ్రంథంలో "వాచం గేయం చ కురుతే యః స వాగ్గేయకారకః" అన్నాడు. వాక్కునూ గేయాన్నీ, రెంటినీ చేసేవాడే వాగ్గేయకారుడు. ఇక్కడ వాక్కు అంటే పాటలోని మాటలు, గేయం అంటే దాని స్వరరూపం. మాటలకు మాతువనీ స్వరరూపానికి ధాతువనీ ఆయన పెట్టిన పేర్లు. (వాక్ + గేయ అన్నప్పుడు కకారం గకారమవుతుంది కనుక రెండు గకారాలూ ఉండాలి. "వాగేయకారుడు" అని అచ్చులో చూసినప్పుడల్లా నాకు పంటికింద రాయి తగిలినట్టుంటుంది.)

అలాంటివాడికి ఉండవలసిన లక్షణాల జాబితా కూడా ఇచ్చాడు. అందులో మొట్టమొదటిది శబ్దానుశాసన జ్ఞానం, అంటే వ్యాకరణం. మాబోటి వాళ్లకు ఇంతకన్నా సంతోషం ఏముంటుంది! మంచి గాత్రం కూడా ఆ జాబితాలోనే ఉంది. "శారీరం బాగుంది" అని గాయకుల గొంతు గురించి ఇప్పటికీ అంటారే, ఆ శారీరమే.

ఈ కొలత పెడితే త్యాగరాజు నూటికి నూరుపాళ్లూ వాగ్గేయకారుడు. సాహిత్యం ఆయనదే, రాగంలో పెట్టిందీ ఆయనే. అన్నమయ్య మాటకొస్తే కొంచెం చిక్కు ఉంది. రాగిరేకుల మీద సంకీర్తనలతో పాటు రాగం పేర్లున్నాయి గాని, చాలా పాటలకు ఆయన పాడిన స్వరరూపం మనదాకా రాలేదు. అంతమాత్రాన ఆయన వాగ్గేయకారుడు కాకపోడు. ఇరవయ్యో శతాబ్దంలో వాటిలో ఎన్నింటికో స్వరాలు కూర్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మాత్రం ఆ పాటల వరకు స్వరకర్త. ఆయన స్వయంగా పెద్ద కవీ పండితుడూ అయినా సరే, ఆ మాటలు అన్నమయ్యవి.

బీథోవెన్ (1770–1827) కూడా ఈ స్వరకర్తల వరసలోకే వస్తాడు. ఆయన రాసినదాంట్లో ఎక్కువభాగం మాటలతో పనిలేని వాద్యసంగీతం. 1824లో వియన్నాలో మొదటిసారి వినిపించిన తొమ్మిదో సింఫనీ చివర గానం ఉన్నమాట నిజమే. కానీ ఆ గీతం చాలామటుకు షిల్లర్ అనే జర్మన్ కవిది, మొదట్లో వచ్చే నాలుగు మాటలు మాత్రం బీథోవెన్ చేర్చుకున్నాడు. కాబట్టి ఆయన స్వరకర్త. "సంగీతకర్త" అన్నా తప్పులేదు. "సంగీత దర్శకుడు" అనకండి, సినిమా గుర్తొస్తుంది. పైగా వేదిక మీద కర్ర పట్టుకుని వాద్యబృందాన్ని నడిపించే ఆయన వేరే ఉన్నాడు కదా, ఎవరిని అన్నారో తెలియదు. ఆయన్ను కండక్టర్ అంటే మళ్లీ బస్సు గుర్తొస్తుంది, అది వేరే గొడవ.

పాశ్చాత్యుల్లో వాగ్గేయకారులే లేరా అంటే ఉన్నారు. వాగ్నర్ తన సంగీతనాటకాలకు మాటలు కూడా తానే రాసుకున్నాడు. శార్ఙ్గదేవుడి లెక్కన ఆయనకు ఆ బిరుదు నిక్షేపంగా ఇవ్వవచ్చు. మనదగ్గర గోరటి వెంకన్నగారిని ప్రజా వాగ్గేయకారుడు అనడమూ సరైనదే. పాట ఏ సంప్రదాయానిదన్నది కొలత కాదు, మాటా బాణీ ఒకరివేనా అన్నదే కొలత.

ఇంకో తమాషా చెప్పాలి. ముందే ఉన్న ఇంకొకరి బాణీకి మాటలు కూర్చేవాడికి శార్ఙ్గదేవుడు కుట్టికారుడు అని విడిగా పేరు పెట్టాడు. ట్యూను ఇస్తే పాట రాసే సినీకవికి ఇంత చక్కగా అతికే మాట మనం వాడకుండా వదిలేశాం. ముత్తుస్వామి దీక్షితులు అంతటివారు కూడా పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. వాటిని నోట్టు స్వరాలంటారు, ఇంగ్లీషు "నోట్" అనే మాట అందులో ఉండిపోయింది. "సంతతం పాహి మాం" అనేదానికి బ్రిటిష్ జాతీయగీతం బాణీయే ఆధారం. ఆ కొద్ది రచనల వరకు దీక్షితులవారిది కుట్టికారుడి పని. ఇది నిర్వచనం చెప్పే మాట, ఆయన స్థాయికి వచ్చిన లోటేమీ లేదు.

ఇక "శృతి". ఇది తప్పే. వినడం అనే అర్థమున్న "శ్రు" ధాతువు నుంచి వచ్చింది కనుక శ్రుతి. వట్రసుడికి అక్కడ చోటు లేదు. ఉచ్చారణలో తేడా చెరిగిపోయి రాతలోకి ఎక్కింది.

"వాయిద్యం" విషయంలో నేను మీ మిత్రుడంత కఠినంగా ఉండలేను. సంస్కృత రూపం వాద్యం. "వద్" అంటే మాట్లాడటం కనుక వాద్యమంటే మాట్లాడించదగ్గది. మృదంగం మాట్లాడుతోందని రసికులు మెచ్చుకుంటారే, తెలియకుండానే వాళ్లు వ్యుత్పత్తి చెబుతున్నారన్నమాట! వాద్యానికి "వాయించు" తోడై వాయిద్యం పుట్టిందని నాకనిపిస్తుంది. వాడుకలో స్థిరపడింది, ఉండనివ్వండి. సమాసాల్లో మాత్రం వాద్యకారుడు, వాద్యబృందం, పక్కవాద్యం అనే రాయండి. ఫిడేలుకు "వాయులీనం" అనే పేరు కూడా ఇలాగే చెవికి ఇంపుగా ఉంటుంది గాని, తీగవాద్యానికి వాయువుతో ఏం పనో నాకు బోధపడదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని జనం ఫిడేలు నాయుడుగారనే పిలుచుకున్నారు.

కచేరి హిందుస్తానీ "కచహరీ" నుంచి వచ్చింది. అక్కడ అది న్యాయస్థానం, కార్యాలయం. తాలూకా కచేరి అన్న మాట పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరాదివాళ్లు పాటల సభను మెహ్ఫిల్ అంటారు, బైఠక్ అంటారు, కచహరీ అనరు. పదిమంది కొలువుతీరే చోటు అన్న భావంతో దక్షిణాదిలో అది పాటకు మళ్లింది. మన "కొలువు" కూడా అంతే, రాజసభ నుంచి ఉద్యోగానికీ బొమ్మల వరసకూ పాకింది.

కచేరి అంటేనే కళాకారులు ఎదురుగా కూర్చుని పాడటం, వాయించడం. దానికి "లైవ్" తగిలించనక్కర్లేదు. టీవీలో చూశారా, సభలో విన్నారా అన్నది తేల్చి చెప్పవలసి వస్తే "సభకు వెళ్లి విన్నాను" అంటే సరిపోతుంది. "కచేరి ఇచ్చారు" అన్నది ఇంగ్లీషు పలుకుబడికి నకలు. "ప్రదర్శన ఇచ్చారు" ఆ దారినే వచ్చి పాతుకుపోయింది, దాన్నిక పీకలేం. కచేరికి మాత్రం మనకు సొంత క్రియ ఉంది. తెలుగులో కచేరి చేస్తారు, కచేరి పెట్టిస్తారు.

మీ వాక్యాలు నేనైతే ఇలా రాస్తాను: "బీథోవెన్ తొమ్మిదో సింఫనీ కచేరికి వెళ్లాను. వందమంది వాద్యకారులు అద్భుతంగా వాయించారు. శ్రుతి ఎక్కడా తప్పలేదు." అన్నట్టు, చివరిభాగంలో పాడిన గాయకులను మీ ఉత్తరం పూర్తిగా మరిచిపోయింది. అది వ్యాకరణ దోషం కాదు కనుక మీ మిత్రుడి కంట పడలేదేమో.