నీ కథల గుర్రం పది రోజులకే ఉరికింది

బిడ్డా,

నువ్వు పంపిన కథ అందింది. రెండుసార్లు చదివిన, మొదటిసారి రాత్రి పండుకునే ముందు ఫోన్లనే, రెండోసారి పొద్దున ప్రింట్ తీయించి పెన్ను పట్టుకొని. సార్ సార్ అని మెసేజ్‌ల పదిసార్లు రాసినవ్, అదేం వద్దు, కాకా అను చాలు.

బాగుంది అని చెప్పి వదిలేయొచ్చు, శానమంది అట్లనే చెప్తరు, నువ్వు కూడా ఖుషీ అయితవ్. నీ భాష నిజంగనే మంచిగుంది. బారాత్ సీన్ల ఆ మర్ఫా డప్పు దెబ్బ, జనరేటర్ బండి వెనక డీజిల్ వాసన, లైట్లు నెత్తిన మోసే ఆడోళ్ల తెగిన చెప్పులు, ఇవి కండ్లార చూసినోళ్లే రాస్తరు. అందుకే నాకు కోపమొచ్చింది. అంత మంచిగ రాసి, గుర్రం కాలుకు ఎముక కనపడేంత దెబ్బ తగిలిచ్చి, కింద మూడు చుక్కలు పెట్టి "పది రోజుల తర్వాత" అన్నవ్. పది రోజులకు గుర్రం ఉరికింది, సయీసు (గుర్రాన్ని చూసుకునేటోడు) కొడుకు ఏడ్చిండు, కథ ఒడిసింది.

ఆ పది రోజులల్ల ఏమైతదో నాకు తెలుసు, ఇంకో ఆరు నెలలు ఏమైతదో కూడా తెలుసు.

1996ల నాకు ఇరవై మూడేండ్లు. రాత్రిపూట ఒక పేపర్ల ప్రూఫులు దిద్దేటోన్ని, తెల్లారినాక హైదరాబాద్ జియాగూడల మా మేనమామ ఇంటికి పోయి పండుకునేటోన్ని. మామకు రెండు గుర్రాలుండె, పెండ్లిళ్లకు కిరాయికి ఇచ్చేటోడు. అందుల తెల్ల గుర్రం పేరు మోతీ. మాఘమాసం, వరుసబెట్టి ముహూర్తాలు, ఒక బారాత్ల పోరగాళ్లు దాని కాళ్ల దగ్గర పటాకల లడీ అంటిచ్చిన్రు. పెండ్లికొడుకు అప్పటికే దిగిండు కాబట్టి బచాయించిండు. మోతీ బెదిరి, ఫంక్షన్ హాల్ పక్కన అడ్డం కట్టిన రేకుల మీదికి పోయింది. ఎడమ వెనక కాలు, మడమ కింద ముందు దిక్కు, చర్మం జేబు చినిగినట్టు వేలాడుతుంది, లోపల తెల్లగ ఏదో మెరుస్తుంది. రేకు ముక్క ఇరికిందనుకొని టార్చ్ కొట్టి, గుంజుదామని చెయ్యి కూడ పెట్టిన. అది ఎముక.

తర్వాత నేను చేసిన పని ఇంకా ఘోరం. మెడికల్ షాపుకు ఉరికి హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తెచ్చి గాయంల గుమ్మరిచ్చిన. తెల్లగ నురగ పొంగుతుంటే మందు పనిచేస్తుందని నాకు మస్తు సంబరం. పొద్దుగాల డాక్టర్ వచ్చి వాసన చూసిండు, ఎవడు పోసిండన్నడు. నేనే అన్న. చెడ్డదాన్నే కాదు, మానడానికి తయారైతున్న మంచి కండను కూడా అది కాలుస్తదని అప్పుడు తెలిసింది. మొదట ఆయన ధనుర్వాతానికి ఇంజెక్షన్ ఇచ్చిండు, ఎందుకంటే జంతువులల్ల గుర్రానికి ఉన్నంత ధనుర్వాతం గండం వేరేవాటికి తక్కువ. తమాషా ఏందంటే మనుషులకిచ్చే ధనుర్వాతం సీరం కూడా శాన ఏండ్లు గుర్రం రక్తం నుంచే తీసిన్రు, పాము కాటు మందు ఇప్పటికీ అట్లనే తీస్తరు. తర్వాత కడుగుడు, కాచి చల్లార్చిన నీళ్లు, లీటరుకు తొమ్మిది గ్రాముల ఉప్పు, ఇంకేం లేదు. నీ కథల పసుపు ముద్ద పెట్టినవ్ చూడు, అది చెయ్యి తెగినప్పుడు మనింట్ల పెట్టేది. ఎముక తేలిన గాయంల పొడి పోస్తే ఆ పొడిని మళ్ల కడిగి తియ్యాలె.

కుట్లేసిన్రు. ఆరో రోజుకు అన్నీ తెగిపోయినయ్. గుర్రానికి మోకాలు మడమల కింద కండ ఉండదు, ఎముక, దాని మీద పట్టెల లెక్క స్నాయువులు, దాని మీద చర్మం, అంతే. గుంజి కుడితే ఆగదు. రక్తం పారుడు కూడా ఆడ తక్కువ. అదే గాయం రొమ్ము మీదనో తొడ మీదనో అయితే ఎంతో తొందరగా మానుతది. పొట్టి తట్టు గుర్రాలకు కూడా జల్ది మానుతది, పెద్దవాటికే ఆలస్యం. నువ్వు గాయాన్ని కాలు మీద పెట్టినవ్, గుర్రాన్ని ఎత్తైనదని రాసినవ్, కాబట్టి ఇగ నీకు తప్పించుకునే దారి లేదు.

కుట్లు పోయినాక డాక్టర్ ఒకటే అన్నడు, ఇగ కింది నుంచి నిండుకుంటా రావాలె, పైన చర్మం ముందు మూసుకుంటే లోపల చీము పడతది అని. ఎన్ని రోజులు అని మామ అడిగిండు. ఆయన ఇనపడనట్టు దూది చుట్టబట్టిండు.

ఆ డాక్టరే నాకు ఒక పని చెప్పిండు. స్పిరిట్‌తోని తుడిచిన పల్చటి ప్లాస్టిక్ షీటు గాయం మీద ఆనిచ్చి, మార్కర్ పెన్నుతో అంచు పొంటి గీత గియ్యాలె, తేదీ ఎయ్యాలె, ఆదివారానికొకటి. కట్టు మూడు రోజులకొకసారి మార్చేది, షీటు మాత్రం ఆదివారమే. మొదటి షీటు, రెండోది, మూడోది ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకు చూస్తే గీత బయటికి జరిగింది. గాయం పెరుగుతుంది! నాకు కాళ్లు చేతులు ఆడలేదు, మనం కట్టే కట్టే తప్పేమో, దీనికంటే ఏదైనా పసరు పోస్తే నయమేమో అని మామతోని లొల్లి. గుర్రాలకు మొదటి రెండు వారాలు అట్లనే విచ్చుకుంటదట, చుట్టూ చర్మం గుంజుతది కాబట్టి. నీ కథల పదో రోజు అంటే సరిగ్గ ఇదీ. అది ఉరికే రోజు కాదు, గాయం మొదటిరోజు కంటే పెద్దగున్న రోజు, ఇంట్లోళ్లు ఒకల మీద ఒకలు అరుసుకునే రోజు. ఎంత మంచి సీనును మూడు చుక్కల కింద పాతిపెట్టినవో చూడు!

ఇంకోటి, నీ గుర్రం ఆ పది రోజులూ పండుకొనే ఉంది, కన్నీళ్లు కార్చింది. గుర్రం అట్ల లేవకుండ పండుకుంటే దాని పానానికే గండం, అంత బరువు కింద దాని కండలు, ఊపిరితిత్తులే నలుగుతయ్. నిలబడే ఉంటది. నొప్పి అయితుందని ఎట్ల తెలుస్తదంటే, చెవులు రెండూ వెనక్కి పోతయ్, కన్ను మీద గుంట బిగుస్తది, దవడ గట్టిగైతది, ముక్కుపుటాలు గుంజుకుంటయ్, గడ్డి నోట్ల పెట్టుకొని నమలుడు మర్చిపోతది. మోతీ అట్లనే, నోట్ల గడ్డిపోచ పెట్టుకొని గోడను చూసుకుంటా పావుగంట నిలబడేది. నాకు ఇప్పటికీ యాదికొచ్చేది ఆ గడ్డిపోచనే.

మంచి కాలుకు కూడా కట్టు కట్టినం. ఎందుకంటే బరువంతా దాని మీదనే పడుతది, వారాల తరబడి అట్లనే పడితే ఆ గిట్ట లోపల వాచి, గాయమైన కాలు బాగై మంచి కాలు పోతది, గుర్రం బతకదు. ఉలవలు తగ్గించమన్నడు డాక్టర్, కదలకుండ నిలబడ్డ గుర్రానికి దాణా ఎక్కువ పెట్టొద్దని. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అంటరు కదా, మామ అదే పట్టుకున్నడు. నా ముందు సరే అనేటోడు, రాత్రి నేను డ్యూటీకి పోయినాక పిడికెడు ఉలవలు పెట్టేటోడు. ఒకరోజు మామ అంగి జేబు ఉతకంగ ఉలవలు రాలితే అత్త బయటపెట్టింది. బాకీలోడు ఇంటి ముందట నిలబడితే నోరు రాని మనిషి, గుర్రం పక్కన కూసోని దానితోని గంటలు గంటలు ముచ్చట పెట్టేటోడు. ఆ సీజన్ పైసలన్నీ దూది కట్టలకే పోయినయ్.

ఆరు వారాలైనా ఒక మూల చీము ఆగలేదు. మిగతదంతా ఎర్రగ నిండుతుంది, ఆ మూల సన్నటి బొక్క, ఒత్తితే పసుపుపచ్చ చీము. ఎక్స్‌రే తీస్తే లోపల ఎముక మీది పొర పోయినకాడ ఒక పలుకు సచ్చి విడిపోయి ఉంది. తీసినాక చేతుల పెట్టుకొని చూసిన, దోసగింజంత, గోరంత పల్చగ. దాని కోసం ఆరు వారాలు. అది తీసిన వారమే ఆ మూల ఎండింది. (ఇది చదివి నీ కథల లోపల దాచిన నిజానికి ప్రతీకగ వాడుకుంటనంటవేమో, వద్దు. ఎందుకో కిందికి చెప్త.)

వానలు పడ్డంక ఇంకో బాధ. నిండుడు ఆగలేదు, చర్మం మట్టం దాటి పైకి పొంగింది, ఎర్రగ, బుడిపెలు బుడిపెలుగ, కైమా ముద్ద పెట్టినట్టు. దుర్మాంసం అంటరు మనోళ్లు. అది పైకి లేస్తే పక్క నుంచి పాకే కొత్త చర్మం ఎక్కలేదు, ఆడనే ఆగుతది. బస్తీల ఒకాయన మైలుతుత్తం అద్దుమన్నడు, అద్దితే దుర్మాంసంతోని పాటు అంచు మీది కొత్త చర్మం కూడ కాలుతదని డాక్టర్ ఆపిండు. బ్లేడు తీసి, చర్మం మట్టానికి కోసిండు. రక్తం బొటబొట కారింది, మామ తల తిరిగి కూసున్నడు, మోతీ మాత్రం నిమ్మళంగ గడ్డి తింటుంది. దుర్మాంసంల నొప్పి తెలిసే నరాలుండవు. గడగడ వణికేది మామ, తినేది గుర్రం. నేను రాసేటోన్నే గని ఇసొంటి సీన్ ఊహించి రాయమంటే నా వల్ల అయ్యేది కాదు.

అటెనుక ఇగ రాసే ముచ్చటే లేదు. అంచు పొంటి ఉల్లిపొర లెక్క సన్నటి గులాబీ గీత. రోజుకు పదో వంతు మిల్లీమీటరు కూడ జరగదు. అంటే ఒక మిల్లీమీటరుకు పది రోజుల పైనే. కట్టు విప్పు, కడుగు, ఆరబెట్టు, గాజ్ పెట్టు, దూది చుట్టు, కట్టు బిగువైతే ఒక బాధ వదులైతే ఒక బాధ, మూసీ దిక్కు నుంచి ఈగలు, మళ్ల మూడు రోజులకు అదే. ఈ రెండు నెలలను నువ్వు ఎట్ల రాస్తవో నాకు చూడాలనుంది. ఒక్క పేరాల రాయి, ఒక్క వాక్యంల రాయి, గని రోజులు గడిచినయ్ అని మాత్రం రాయకు. కట్టు మార్చేటోని చేతులు ఏప్రిల్‌ల ఎట్లుండె, ఆగస్టుల ఎట్లున్నయ్, అది రాయి. మొదట్ల నాకు కట్టు కట్టాల్నంటే గంట పట్టేది, ఇంకొకడు దాని పై పెదవికి తాడు మెలేసి పట్టుకోవాల్సి వచ్చేది. ఆఖరికి పావుగంట. తాడు అక్కరలేకపోయేది, నేను దూది విప్పే చప్పుడు ఇని అదే కాలు ఇటు పెట్టేది.

ఇరవై ఆరు షీట్లైనయ్. ఆఖరు షీటు మీద గీత లేదు, ఒక చుక్క ఉంది.

ఇగ నా తప్పు చెప్త. రెండేండ్ల తర్వాత నేను దీని మీద కథ రాసిన. అప్పట్ల నాకు ఒక పెండ్లి సంబంధం తప్పిపోయిన బాధ ఉండె, ఆ బాధనంత తెచ్చి మోతీ కాలు మీద పెట్టిన. గాయమంటే నా మనసు, కట్టంటే కాలం, మచ్చంటే జ్ఞాపకం, అబ్బో, పేజీకి నాలుగు పోలికలు. మామకు చదువు రాదు, కూసోబెట్టి చదివి ఇనిపిచ్చిన. మొత్తం ఇన్నడు, బీడీ ఆర్పిండు, "ఇందుల గుర్రం ఏదిరా?" అన్నడు.

నీ కథల గూడ అదే జరుగుతుంది, నాలుగో పేజీల ఆ పిల్లగాడి తల్లి పోయిన బాధను, గుర్రం గాయాన్ని ఒకే వాక్యంల కట్టేసినవ్. ఇప్పు. తల్లి బాధ తల్లి దగ్గర ఉండనీ, గుర్రం కాలు గుర్రానికి ఉండనీ. ఆ పిల్లగాడు రోజూ కట్టు మారుస్తున్నడని రాయి చాలు, చదివేటోళ్లు ఏం ఎడ్డోళ్లు కాదు.

ముగింపు కూడ మార్చు. ఉరికిచ్చుడు వద్దు. మోతీ కార్తీకంల మళ్ల బారాత్‌కు పోయింది, నడుచుకుంటనే పోయింది. మచ్చ మీద వెంట్రుకలు రాలేదు, చర్మం పల్చగ, గీసుకుంటే లేసిపోయేటట్టు ఉండె. పెండ్లోళ్లు చూస్తే కిరాయి తగ్గిస్తరని మామ నాలుగు కాళ్లకూ చమ్కీ పట్టీలు కట్టిండు, అప్పటిసంది గల్లీల మిగతా గుర్రపోళ్లు కూడ అది ఫ్యాషన్ అనుకొని కట్టబట్టిన్రు. రేకుల గోడ కనపడితే మాత్రం మోతీ రోడ్డు అటు దిక్కుకు పోయేది, ఎంత గుంజినా ఇటు వచ్చేది కాదు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి పురానాపూల్ కాడికి రా. ఆడ నాకు తెలిసిన సయీసు ఒకాయన ఉన్నడు, కట్టు ఎట్ల కడతరో నీ చేతులతోని ఒకసారి కట్టి చూడు. ఆ ఇరవై ఆరు షీట్లు నా దగ్గరనే ఉన్నయ్, తెస్త. చెప్పులేసుకొని రాకు, గట్టి బూట్లు తొడుక్కో, గుర్రం చూడకుండ కాలు మీద కాలేస్తది.

మీ కాక