లేబుల్ చదివే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ మూడో ఏడు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ (మందుల నాణ్యత తనిఖీ చేసే ప్రభుత్వ అధికారి) అవుతానంటోంది. దాడులు, కోర్టులు ఆడపిల్లకెందుకని మా టెన్షన్. ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాల నమోదు) కోర్సు చేయిస్తే ఏసీ గదిలో ఉద్యోగమని మా మరిది అంటున్నారు. ఏది మేలు? నేను షుగర్‌కి ఏడాదిగా వాడుతున్న మూలికల పొడి లేబుల్ చూసి కూడా ‘ఇది కేసు పెట్టాల్సిన సరుకు’ అని గొడవ చేసింది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, అసలు సంగతి మీరు చివర్లో రాశారు. ఆ లేబుల్ మీద ‘మధుమేహం పూర్తిగా నయం’ అనే ఉండి ఉంటుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం లేబుల్‌ని కూడా ప్రకటన కిందే లెక్కగడుతుంది. అలాంటి మాటకి మొదటిసారే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మూడో ఏడు పిల్ల దాన్ని పట్టుకుంటే మీకది గొడవలా కనిపించిందా? డాక్టర్ రాసిన మాత్రలు మానేసి పొడి మీదే ఉన్నారేమోనని నాకు భయంగా ఉంది.

దాడి అంటే తలుపులు బద్దలు కొట్టడం కాదు. లైసెన్సు నంబరు సరిచూడాలి, శాంపిల్‌ని మామూలుగా నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి, ఒకటి పరీక్షకి ప్రభుత్వ అనలిస్టుకి పంపాలి, ఒకటి కోర్టు కోసం దాచాలి. కాగితాల్లో పొరపాటు జరిగితే కేసే వీగిపోవచ్చు. కాబట్టి కావలసింది కండబలం కంటే ఓపిక. ఇన్‌స్పెక్టర్ని అడ్డుకున్నవాళ్లకి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఈ ఉద్యోగంలో ఆడవాళ్లు ఇప్పటికే ఉన్నారు.

మీ మరిది చెప్పిన దారి మీద నా అనుమానాలు దాచుకోను. మందుల దుష్ఫలితాలను నమోదు చేయడం మంచి పనే. కానీ కొత్తగా చేరినవాళ్లకి చాలాచోట్ల దొరికేది ఆ దుష్ఫలితాల కేసుల డేటా నింపే పని. తీవ్రమైన కేసుల్ని నియంత్రణ సంస్థకి తెలపడానికి 15 రోజుల గడువు, దాని వెనకాల పరుగు. ఆ పనిలో కొంత ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని ఫీజు కట్టించుకునే చిన్న కోర్సులకీ మీ పొడి డబ్బాకీ నాకైతే పెద్ద తేడా కనపడదు.

ఇన్‌స్పెక్టర్ పోస్టులూ తక్కువే. 2022లో తెలంగాణ నోటిఫికేషన్ ఇచ్చింది 18కే. అందుకని చదువయ్యాక ఏదైనా కంపెనీ క్వాలిటీ విభాగంలో చేరి, పరీక్షకి చదువుకోమనండి. ఎదురుచూసే కాలంలో ఆ అనుభవమైనా మిగులుతుంది.

ఆ డబ్బా పారేయకండి. బిల్లుంటే దాంతో సహా అమ్మాయికివ్వండి, డ్రగ్స్ కంట్రోల్ శాఖ వాళ్లకి ఫిర్యాదు ఎలా రాయాలో తనే చూసుకుంటుంది. మీరు మాత్రం ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి షుగర్ పరీక్ష చేయించుకోండి.