‘మెషీన్ హెడ్’ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ చేసిన ‘మెషీన్ హెడ్’ ఆల్బం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. ఆ ఆల్బం అంటే నీకు ఎంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. నాకూ ప్రాణమే. అందుకే నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకోలేక ఇంత ఉత్తరం రాస్తున్నాను.

ముందు మంట సంగతి. నీ వ్యాసంలో సగం దానికే పోయింది. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఒక కేసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుంటే ఎవరో ఫ్లేర్ గన్ (ఆకాశంలోకి మంట వదిలే తుపాకీ) పేల్చారు. కేసినో తగలబడిపోయింది, సరస్సు మీద పొగ కమ్ముకుంది, అదే ‘స్మోక్ ఆన్ ది వాటర్’ పాటయింది. ఈ ఆల్బం గురించి కొద్దిగా తెలిసినవాళ్లకి కూడా ఈ కథ తెలుసు. పైగా పాటలోనే చెప్పారు కదా! దీన్ని క్లుప్తంగా ముగించెయ్. నువ్వు ఎక్కడ ఆపేశావో అక్కడి నుంచి రాయాల్సింది చాలా ఉంది.

డీప్ పర్పుల్ వాళ్లు రికార్డింగ్ పెట్టుకుందామనుకున్నది ఆ కేసినోలోనే. రోలింగ్ స్టోన్స్ అనే మరో బ్యాండ్ వాళ్ల మొబైల్ స్టూడియో ట్రక్కు కూడా సిద్ధంగా ఉంది. కేసినో పోయాక పెవిలియన్ అనే హాల్లోకి వెళ్లారు. ఆ హోరుకి చుట్టుపక్కలవాళ్లకి నిద్ర పట్టక ఫిర్యాదు చేస్తే పోలీసులొచ్చి ఆపించారు. అప్పటికి ‘స్మోక్ ఆన్ ది వాటర్’ వాద్యభాగం ఒక్కటే చేతికొచ్చింది. చివరికి చలికాలమని మూసేసి ఉన్న గ్రాండ్ హోటల్ దొరికింది. దాని కారిడార్‌లో పరుపులు అడ్డం పెట్టుకుని వాయించారు. ట్రక్కు బయట ఉంది. ఒక టేక్ ఎలా వచ్చిందో వినాలంటే గదులు దాటి, బాల్కనీల మీదుగా, ఆ చలిలో నడుచుకుంటూ వెళ్లాలి. దాంతో వెళ్లి వినడమే మానేశారు. బాగా వచ్చిందని వాళ్లకి అనిపిస్తే చాలు, తర్వాతి పాటకి వెళ్లిపోయేవాళ్లు.

ఈ ఆల్బంలో వినపడే ఆ ధైర్యం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. అలంకారాలు తక్కువ, శబ్దం పొడిగా, దగ్గరగా ఉంటుంది, ఐదుగురూ మన గదిలోనే ఉన్నట్టు. ఇంజనీర్ మార్టిన్ బర్చ్ పేరు నీ వ్యాసంలో ఎక్కడా లేదు. హోటల్ కారిడార్ నుంచి అలాంటి డ్రమ్స్ సౌండ్ పట్టిన మనిషిని వదిలేస్తే ఎలా?

ఇంకోటి. ‘గిటార్లు గర్జిస్తాయి’ అని రాశావు. ఈ ఆల్బంలో గిటార్ వాయించింది రిచీ బ్లాక్‌మోర్ ఒక్కడే. నువ్వు రెండో గిటార్ అనుకున్నది జాన్ లార్డ్ వాయించిన హామండ్ ఆర్గాన్, అంటే ఒక రకం ఎలక్ట్రిక్ కీబోర్డు. ఆయన దాన్ని గిటార్ వాళ్లు వాడే మార్షల్ యాంప్లిఫయర్ గుండా పంపి బొంగురుగా, కోపంగా పలికించాడు. ‘లేజీ’ పాట మొదటి భాగం మళ్లీ విను, అక్కడ ఆర్గాన్ ఒంటరిగా దొరుకుతుంది. ఒకసారి ఆ గొంతు గుర్తుపట్టావంటే ఆల్బం మొత్తం వేరేలా వినిపిస్తుంది. అప్పుడు కూర్చుని రాయి. నీ పాఠకుడికి కూడా ఆ ఆనందం అందాలి. ‘ఈ పాటలో ఇక్కడ ఆర్గాన్ విను’ అని చెయ్యి పట్టుకుని చూపించు. ‘అద్భుతం’, ‘చరిత్రాత్మకం’ అనే మాటలు ఏ ఆల్బంకైనా అతుకుతాయి, వాటితో ఎవరికీ ఏమీ వినపడదు.

‘హైవే స్టార్’ గురించి నీ పేరా బాగుంది గానీ తొందరపడ్డావు. 1971లో పోర్ట్స్‌మత్ వెళ్తున్న బస్సులో, పాటలెలా కడతారని విలేకరి అడిగితే బ్లాక్‌మోర్ గిటార్ తీసి మొదలుపెట్టిన పాట అది. అంటే మాంట్రో చేరేసరికే స్టేజీ మీద బాగా నలిగిన పాట. అందుకే అంత వేగంలోనూ ఎక్కడా తడబాటు ఉండదు. అందులో గిటార్ సోలోని అప్పటికప్పుడు పుట్టిందన్నావు. కాదు, బ్లాక్‌మోర్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు బాఖ్ తరహా స్వరక్రమం పట్టుకుని దాన్ని ముందే ఆలోచించి కూర్చుకున్నాడు. ముందే రాసుకున్నది కూడా అంత వేడిగా ఉండొచ్చన్నది రాసేవాళ్లుగా మనకి ఎంత ఊరట! నువ్వు ఆవేశంలో ఒక్క ఊపున రాసిందే గొప్పదనుకుంటున్నట్టున్నావు, అందుకే చెప్తున్నాను.

నీ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ‘పిక్చర్స్ ఆఫ్ హోమ్’ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. రోజర్ గ్లోవర్ బాస్ గిటార్ సోలో వచ్చినప్పుడు మిగతావాళ్లు పక్కకి తప్పుకున్నారని రాశావు. కచేరీలో గాయకుడు ఆగి మృదంగానికి చోటిచ్చే మర్యాద అది. ఈ పాటను చాలామంది పట్టించుకోరు. నువ్వు పట్టించుకున్నావు, కాబట్టి ఆ వాక్యాన్ని రెండు పేరాలు చెయ్. ‘లేజీ’ని కూడా ఇదే వరసలో చెప్పొచ్చు. ఏడు నిమిషాల పైన సాగే ఆ పాటలో ఇయాన్ గిల్లన్ గొంతు సగం దాటాక గానీ రాదు. గొంతు చుట్టూ అల్లిన సినిమా పాటలతో పెరిగిన మన పాఠకుడికి అది కొత్తగా, కొంచెం అసహనంగా కూడా ఉంటుంది. ఆ అసహనాన్ని దాచకుండా రాసి, ఆలోగా ఇయాన్ పేస్ డ్రమ్స్ మీద జాజ్ వాళ్లలా ఎంత తేలిగ్గా ఊగుతున్నాడో వినమని చెప్పు.

చివర్లో ‘ఏడు పాటలూ ఏడు ఆణిముత్యాలు’ అన్నావు. నాకలా అనిపించదు. ‘నెవర్ బిఫోర్’ మామూలు పాట. జనం ఎగబడతారని బ్యాండ్ ముందు సింగిల్‌గా (ఆల్బం నుంచి విడిగా అమ్మే చిన్న రికార్డుగా) వదిలింది దాన్నే. ‘స్మోక్ ఆన్ ది వాటర్’ సింగిల్‌గా వచ్చింది 1973లో, అమెరికా చార్ట్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. చేసినవాళ్లకే అప్పుడు తేలని విషయం ఇది. నువ్వు ఒక పాట తక్కువదంటే నీ ప్రేమ తగ్గిపోదు, మిగతా ఆరింటి గురించి నువ్వన్న మాట నమ్ముతారు.

అవే రోజుల్లో రికార్డ్ చేసి కూడా ఆల్బంలో చేర్చని పాట ఒకటుంది, ‘వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్’. నెమ్మదైన, బాధగా సాగే పాట. బ్లాక్‌మోర్‌కి నచ్చలేదు. దాంతో ‘నెవర్ బిఫోర్’ సింగిల్‌కి వెనకవైపు పాటగా వెళ్లిపోయింది. నా దృష్టిలో అది ఆల్బంలో ఉండాల్సిన పాట, ‘నెవర్ బిఫోర్’ని తీసేసైనా సరే. అది ఉంటే ఆల్బం జోరు తగ్గేదని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ వాదనలోనూ బలముంది. నువ్వెటు వైపో తేల్చుకుని, ఆ పేరా కూడా కలిపి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య